చూడకుండా వైద్యమా?

టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో రిటైరైన పశువైద్యుడు రొనాల్డ్ హైన్స్ 2002 నుంచి ఇంటర్నెట్‌లో పెంపుడు జంతువుల జబ్బులకు సలహాలిచ్చేవారు. జంతువును స్వయంగా చూడకుండా వైద్యం కూడదన్న రాష్ట్ర చట్టం కింద లైసెన్సింగ్ బోర్డు 2013లో ఆయనకు 500 డాలర్ల జరిమానా వేసింది. ఆయన సలహా వల్ల ఏ జంతువుకైనా హాని జరిగిందన్న ఆరోపణ మాత్రం లేదు.

హైన్స్ కోర్టుకెక్కారు. సలహా వైద్యమా, వట్టి మాటా? మాటైతే భావప్రకటన స్వేచ్ఛ వర్తిస్తుంది. ఫెడరల్ అప్పీలు కోర్టు 2015లో బోర్డు పక్షాన నిలిచింది. అదే కోర్టు 2024లో హైన్స్‌దే న్యాయమంది.

బోర్డు వాదన తీసిపారేయదగిందేం కాదు. మూగజీవి నొప్పెక్కడో చెప్పలేదు, తడిమి చూడాల్సిందే. మరి నోరు విప్పలేని పసిబిడ్డ సంగతి? అదే టెక్సాస్‌లో 2017 చట్టం తర్వాత డాక్టర్లు నేరుగా చూడకుండానే వీడియోలో మనుషులకు వైద్యం మొదలుపెట్టొచ్చు!

కాలిఫోర్నియా 2024 జనవరి నుంచి పశువైద్యులకూ ఆ వెసులుబాటిచ్చింది. కాకపోతే వీడియోలో చూసి 14 రోజులకు మించి యాంటీబయాటిక్స్ రాయకూడదు.