చీటీ తీసి ఎంపిక చేసే ఆటలు

మానసిక ఎదుగుదల తక్కువైన బిడ్డను పెళ్లికీ, పండగ రోజు ఈద్గాకూ తీసుకెళ్లని ఇళ్లు మన గోదావరి జిల్లాల్లోనూ ఉన్నాయి. ఈ నాలుగు మాటలు ఆ తల్లిదండ్రుల కోసం.

అలాంటి వారికోసం యూనిస్ కెనెడీ ష్రైవర్ 1968లో అమెరికాలో స్పెషల్ ఒలింపిక్స్ ప్రారంభించారు. మన దేశంలో దాన్ని నడిపేది స్పెషల్ ఒలింపిక్స్ భారత్. దాని కింద రాష్ట్ర శాఖలు ఉంటాయి. ఎనిమిదేళ్లు నిండినవారు పోటీల్లో చేరవచ్చు. పై వయసుకు హద్దు లేదు. డాక్టరు పరీక్షించి రాసిన పత్రం కావాలి.

ముందు పరుగు పెట్టించి టైము చూస్తారు. వయసు, వేగం దగ్గరగా ఉన్నవారిని ఒక బృందంగా చేసి పోటీ పెడతారు. కాబట్టి నెమ్మదిగా పరిగెత్తే బిడ్డకూ బంగారు పతకం రావచ్చు. పై పోటీలకు అందరికన్నా వేగంగా పరిగెత్తినవారినే పంపరు. అన్ని బృందాల్లో మొదట వచ్చినవారిని తీసుకుని, ఎక్కువమంది ఉంటే చీటీ తీస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఇదే.

2019 ప్రపంచ పోటీలు అబూధాబీలో జరిగాయి. గల్ఫులో పనిచేసే మనవాళ్లకు ఆ ఊరు కొత్తేమీ కాదు. మీ బిడ్డ చదివే స్పెషల్ స్కూల్లో ఈ ఆటల గురించి అడగండి.