పోటుకు లెక్కుంది, గాలికి లేదు

పిల్లలూ! విజయనగరం జిల్లా కోనాడ ఒడ్డునో, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం ఒడ్డునో ఒక ఉదయం నిలబడి చూడండి. పడవ సిద్ధంగా ఉంటుంది. వల మడత పెట్టి ఉంటుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు. అయినా పదిమంది మత్స్యకారులు ఇసుకమీద కూర్చుని సముద్రంకేసి చూస్తూంటారు. పని మానేసి కబుర్లు చెప్పుకుంటున్నారని మీరు అనుకోవచ్చు. నిజానికి ఆ రోజు పనిలో కష్టమైన భాగం అదే.

వాళ్లు రెండు సంగతులు చూస్తున్నారు. నీరు ఎంత ఎక్కింది? కెరటం ఎంత ఉంది? మొదటిది చంద్రుడు నడిపే గడియారం. దానిని ఏడాది ముందే లెక్కకట్టి అచ్చు వేయవచ్చు. రెండవది గాలి పని. గాలికి అలాంటి పట్టిక లేదు.

ముందు గడియారం సంగతి చూద్దాం. చంద్రుడి ఆకర్షణ వల్ల భూమికి చంద్రుడి వైపున, దానికి సరిగ్గా అవతలి వైపున సముద్రం కొంచెం ఉబ్బుతుంది. భూమి తిరుగుతుంది కనుక మన తీరానికి రోజూ రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఈలోగా చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు. అందుచేత ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్యకు, పున్నమికి సూర్యుడి ఆకర్షణ కూడా తోడవుతుంది కనుక పోటు పెద్దది. అష్టమి ప్రాంతంలో రెండు ఆకర్షణలూ అడ్డంగా లాగుతాయి కనుక చిన్నది.

విశాఖపట్నం దగ్గర అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకూ పాటుకూ నడుమ నీటిమట్టం తేడా సుమారు 1.3 మీటర్లు. అష్టమికి అర మీటరు పైచిలుకు. మన ఉత్తర కోస్తా అంతటా ఇంచుమించు ఇంతే. గుజరాత్‌లోని భావనగర్ దగ్గర ఇది పది మీటర్లకు చేరుతుంది. (మన భావనపాడు కాదు సుమా, అది టెక్కలి పక్కన ఉంది!) అక్కడ ఖంభాత్ సింధుశాఖ గరాటులా లోపలికి ఇరుకవుతూ పోతుంది. లోపలికి వచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి లేదు. మన తీరం బల్లపరుపుగా విప్పారి ఉంది.

మరి 1.3 మీటర్ల నీటికోసం అంతసేపు కూర్చోవడం దేనికి? ఒడ్డుకు కొంతదూరంలో, నీటి అడుగున, తీరం పొడవునా ఒక ఇసుక మేట ఉంటుంది. అది కంటికి కనబడదు. దానిమీద విరిగే తెల్లని నురుగు గీతే దాని ఆనవాలు. కెరటం లోతు తక్కువైన చోటికి వచ్చినప్పుడు అడుగుభాగం నిదానిస్తుంది, పైభాగం ముందుకు తూలుతుంది, చివరకు విరిగి పడుతుంది. లోతు కెరటం ఎత్తుకు ఒకటింబావు రెట్లకు దిగినప్పుడు ఇంచుమించుగా ఇది జరుగుతుంది. పాటు వేళ మేటమీద ఒక మీటరు నీరుందనుకోండి. 80 సెంటీమీటర్ల కెరటం కూడా అక్కడ విరిగి, పడవ ముక్కును పైకి లేపి తిప్పేస్తుంది. పెద్ద పోటు వేళ అదే మేటమీద 2.3 మీటర్ల నీరుంటుంది. అప్పుడు అదే కెరటం మెల్లగా ఊపి పోతుంది, అంతే. కాబట్టి పోటు ఒక తలుపు తీస్తుందన్నమాట. ఆ తలుపు కొద్ది గంటలే తెరిచి ఉంటుంది.

అది ఎప్పుడు తెరుచుకుంటుందో మీరే లెక్క కట్టవచ్చు. మన తీరంలో అమావాస్యనాడు, పున్నమినాడు పోటు సుమారు 9 గంటలకు వస్తుంది, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. చంద్రుడు ముప్పై తిథుల్లో ఒక చుట్టు వెనకబడతాడు. 24 గంటలను 30తో భాగించండి, 48 నిమిషాలు. అంటే తిథికి సరిగ్గా రెండు ఘడియలు! పంచమినాడు పోటు ఎప్పుడు? 5 సార్లు 48 అంటే 240 నిమిషాలు, నాలుగు గంటలు. కనుక ఒంటిగంట ప్రాంతంలో. ఈ లెక్కకు అరగంట, ముప్పావుగంట అటూ ఇటూ ఉండవచ్చు. ఓడరేవుల పట్టికలంత కచ్చితం కాదు కాని, పంచాంగం ఉన్న ఏ ఇంట్లోనైనా పనికివస్తుంది.

ఇక గాలి. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. తెల్లవారుజామున గాలి నేలమీదనుంచి సముద్రం మీదికి వీస్తూ కెరటాల ముఖాన్ని చదును చేస్తుంది. పొద్దెక్కిన కొద్దీ నేల వేడెక్కి గాలి మళ్లుతుంది. మధ్యాహ్నానికి సముద్రం నుంచి వీచే గాలి నీటిని చిందరవందర చేస్తుంది. ఇప్పుడు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టండి. అమావాస్యనాటి పోటు ఉదయం తొమ్మిదికి, గాలి ముదరకముందే వస్తుంది. అష్టమినాటి పోటు మధ్యాహ్నం మూడుకు, గాలి జోరుగా ఉన్నప్పుడు వస్తుంది. వచ్చేది కూడా చిన్న పోటే!

ఒడ్డునుంచి లాగే పెద్దవలకు ఈ లెక్క మరీ ముఖ్యం. ఒక తాడు కొసను ఒడ్డున ఒక జట్టు పట్టుకుంటుంది. పడవ వలను జారవిడుస్తూ అర్ధచంద్రాకారంలో వెళ్లి, రెండవ తాడుతో దూరంగా ఒడ్డుకు చేరుతుంది. అంటే పడవ మేటను పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటాలి. తరువాత రెండు జట్లూ గంటలకొద్దీ లాగుతాయి. కెరటాలు ఏటవాలుగా వచ్చినప్పుడు నీరు తీరం వెంబడి పారుతుంది, వలను కూడా తోసుకుపోతుంది. అందుకే లాగేవాళ్లు నిలుచున్నచోట నిలవరు, నీరు పారే దిక్కుకే అడుగులు వేస్తూ లాగుతారు. వల సంచిలో నెత్తళ్లు పడ్డాయో, కవళ్లు పడ్డాయో, ఒట్టి నాచే వచ్చిందో చివరి పది గజాల్లోగాని తెలియదు.

మేటకు అక్కడక్కడ గండ్లు ఉంటాయి. ఒడ్డుకు చేరిన నీరంతా ఆ గండిలోంచి వేగంగా వెనక్కు పోతుంది. రెండు నురుగు పట్టీల నడుమ నల్లగా, ప్రశాంతంగా కనిపించే చోటు అదే. పడవ అనుభవజ్ఞుడి చేతిలో ఉంటే ఆ దారి ఉపయోగపడుతుంది. స్నానానికి దిగిన కుర్రవాడిని మాత్రం లోపలికి లాక్కుపోతుంది. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి, తీరానికి సమాంతరంగా ఈది పక్కకు తప్పుకోండి.

నిర్మలమైన ఆకాశం కింద కూడా పెద్ద కెరటాలు వస్తాయి. అవి మన గాలికి పుట్టినవి కావు. దక్షిణ మహాసముద్రంలో తుపాను రేపిన కెరటాలు, 16 సెకన్లకొకటి చొప్పున సాగుతూ, రోజుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, వారం తరువాత మన ఒడ్డుకు చేరవచ్చు. గుర్తించడానికి చేతిగడియారం చాలు. వరుసగా పది కెరటాలు విరగడానికి పట్టిన కాలాన్ని పదితో భాగించండి. ఐదారు సెకన్లు వస్తే దగ్గరి గాలి. పన్నెండు దాటితే దూరపు చుట్టం వచ్చినట్లే, మేట దగ్గర జాగ్రత్త.

నాగావళి, వంశధార మొగల దగ్గర వేరే గొడవ ఉంది. పోటు నీరు లోపలికి ఎక్కేటప్పుడు కత్తిపరిగెల వంటి చేపలు మేతకు వెంటవస్తాయి. విసురువల వేసేవాడికి అది మంచి వేళ. పాటు మొదలయ్యాక నదినీరు, పోటునీరు కలిసి బయటకు ఉరుకుతూ ఎదురువచ్చే కెరటాలను ఢీకొంటాయి. అప్పుడు కెరటాలు పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తాయి. వరద రోజుల్లో అయితే చెప్పనక్కరలేదు.

ఋతువుల సంగతి కూడా ఒక మాట. వేసవికి ముందు తీరం వెంబడి నీరు ఉత్తరానికి, అక్టోబరు తరువాత దక్షిణానికి పారుతుంది. మార్చి ప్రాంతంలో పైనీరు ఒడ్డునుంచి తొలగి, అడుగునున్న చల్లని, సారవంతమైన నీరు పైకి వస్తుంది. దీనిని 1950లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ పరిశీలించాడు. ఆ నెలల్లో మన తీరపు సగటు సముద్రమట్టం అత్యల్పంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో అత్యధికంగా ఉంటుంది. అనగా కార్తీక అమావాస్య పోటు ఫాల్గుణ అమావాస్య పోటు కంటే ఇసుకమీద పైకి పాకుతుంది. తుపానులు వచ్చేదీ ఆ నెలల్లోనే.

తుపాను గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంది. దీనినే ఉప్పెన అంటాం. అది పోటుమీద వచ్చిందా, పాటుమీద వచ్చిందా అన్నది చాలా తేడా చేస్తుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మధ్యాహ్నం 12, 1 గంటల మధ్య విశాఖపట్నం వద్ద తీరం దాటింది. పున్నమి 8వ తేదీన. నాలుగు తిథులకు 3 గంటల 12 నిమిషాలు, అంటే పోటు 12 గంటల 12 నిమిషాలకు. సరిగ్గా పోటుమీదనే వచ్చిందన్నమాట! తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున 4.30, 5.30 మధ్య పలాస సమీపాన దాటింది. అమావాస్య 9న. అదే లెక్కన పోటు ఉదయం 10.36కు, దానికి ముందరి పాటు 4.24కు. ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చిన ఆ తుపాను, సముద్రం దిగి ఉన్న వేళ వచ్చింది. ఆరుగంటలు ఆలస్యమై ఉంటే, అదే ఉప్పెన కింద మరో మీటరు పైచిలుకు నీరు చేరేది.

పోటు పట్టికలు, కెరటాల ఎత్తు అంచనాలు ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ప్రకటిస్తుంది. (సముద్రం లేని ఊరినుంచే సముద్రం కబుర్లు!) తుపాను హెచ్చరికలు వాతావరణశాఖ ఇస్తుంది. హెచ్చరిక అందగానే ఒడ్డున అందరికీ ఒకటే పని, పడవను, వలను పైకి చేర్చడం. ఎంత పైకి? రోజూ ఆపే చోటు చాలదు.

ఈసారి సముద్రానికి వెళ్లినప్పుడు, పోటు వదిలిపోయిన చెత్తగీత నుంచి పడవల వరుస దాకా అడుగులు లెక్కపెట్టి, తేదీతో, తిథితో సహా రాసుకోండి. మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి. రెండు అంకెలనూ పోల్చి చూడండి.