మీకు తెలుసా? బండి వయసు నంబరు ప్లేటే చెబుతుంది!

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వైపు పాత అంబాసిడర్ కనిపిస్తే ముందు నంబరు ప్లేటు చూడండి. ‘ఏపీ 05’ అంటే మన ఉమ్మడి తూర్పు గోదావరి బండి. 2019లో రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ వచ్చింది. జిల్లా అంకె లేకుండా మూడక్షరాలతోనే మొదలైతే మాత్రం కాసేపు ఆగి చూడాల్సిందే. అది 1989 జూలైకి ముందు రిజిస్టరైన బండి!

బుల్లెట్ అయితే కుడికాలి దగ్గర చూడండి. పాతవాటికి గేరు అక్కడే, బ్రేకు ఎడమవైపు.

50 ఏళ్లు దాటిన కార్లకు, బైకులకు 2021 నిబంధనల ప్రకారం ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు వెళ్లొచ్చు గానీ రోజూ తిప్పకూడదు.

తాతగారి బండి షెడ్డులో ఉందా? తుక్కుకి వేయకండి. ఆర్‌సీ పుస్తకం భద్రంగా దాచండి.