టాబ్లెట్ వేసుకున్నావా?

మా పిన్నికి కోపం వస్తే ఇంట్లో ఎందుకని ఎవరూ అడగరు. "టాబ్లెట్ వేసుకున్నావా?" అంటారు. స్కిజోఫ్రేనియాకు మందులు మొదలుపెట్టి పదకొండేళ్లయింది. చెవిలో మాటలు వినబడటం ఎప్పుడో ఆగిపోయింది. చారులో ఉప్పెక్కువైందని విసుక్కునే స్వేచ్ఛ మాత్రం ఆమెకింకా రాలేదు.

ఒకసారి పెళ్లిలో చుట్టాలకు కాఫీ అందిస్తుంటే కప్పు సాసర్ మీద టకటకలాడింది. పక్కనున్నావిడ అమ్మను మోచేత్తో పొడిచి "మళ్లీ మొదలైనట్టుందే" అంది. ఆ వణుకు మందు వల్ల వచ్చింది. డాక్టరు మోతాదు మార్చినా, తోడుగా ఇంకో మాత్ర రాసినా చాలామందిలో తగ్గుతుంది. ఈ ముక్క తెలియడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ పిన్నిని ఏ పేరంటానికీ తీసుకెళ్లలేదు.

బయట మాత్రం ఏం తక్కువ? హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. మానసిక ఆసుపత్రి ఉన్న పాపానికి ఆ పేటల పేర్లనే వెటకారానికి వాడుకున్నాం. జబ్బు తగ్గి గేటు దాటిన మనిషి వెంట ఆ పేరు కూడా నడిచొస్తుంది. కొందరికి ఆ గేటు దాటే యోగమే ఉండదు. తీసుకెళ్లడానికి ఎవరూ రారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 19వ సెక్షన్ చదివితే మనసు చివుక్కుమంటుంది. ఇల్లు లేదనో, ఇంట్లోవాళ్లు వద్దన్నారనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచెయ్యకూడదట. అది కూడా చట్టంలో రాయాల్సి వచ్చింది.

సరే, ఇల్లు లేనివాళ్లు ఎక్కడికెళ్లాలి? చెన్నైలో 'ది బనియన్' వెతికిన జవాబు నాకు నచ్చింది. 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ మొదలుపెట్టిన సంస్థ అది. మానసిక వ్యాధితో వీధినపడ్డ ఆడవాళ్లకు నీడనిచ్చి, వైద్యం చేయించి, సొంతవాళ్ల దగ్గరికి చేర్చేవారు. చేరలేనివాళ్లూ మిగిలారు. వాళ్ల కోసం 2015లో 'హోమ్ అగైన్' వచ్చింది. మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు. అందులో నలుగురైదుగురు, సాయానికో మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మంచి నమూనాల్లో ఒకటిగా దీన్ని చూపించింది.

ఇందులో గొప్పేముందనిపించొచ్చు. ఆసుపత్రి వార్డులో గంట కొడితే టిఫిన్, గంట కొడితే నిద్ర. అద్దె ఇంట్లో పొద్దున్నే "ఈపూట ఏం కూర?" అన్న ప్రశ్న ఉంటుంది. దానికి తనే జవాబు చెప్పాలి. కొట్టుకెళ్లి చిల్లర లెక్క చూసుకోవాలి. పక్కింటావిడతో నీళ్ల బిందె దగ్గర మాట పడాలి. ఏళ్లపాటు ఎవరూ ఏమీ అడగని మనిషికి ఇవన్నీ మళ్లీ అలవాటు కావడానికి నెలలు పడుతుంది.

ఇలా మామూలు ఇంట్లో ఉండనివ్వడం కొత్తేమీ కాదు. బెల్జియంలోని గీల్ పట్టణంలో కొన్ని వందల ఏళ్లుగా మామూలు కుటుంబాలు మానసిక వ్యాధి ఉన్నవారిని ఇంట్లో ఉంచుకుంటున్నాయి. అక్కడ వాళ్లను రోగులనరు, బోర్డర్లంటారు.

కుటుంబాలను ఆడిపోసుకోవడం తేలిక. మా అమ్మమ్మ నాలుగేళ్లు వీధి తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకుంది, రాత్రిపూట పిన్ని లేచి వెళ్లిపోతుందన్న భయంతో. ఆవిణ్ణి తప్పుపట్టే నోరు నాకు లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016 మానసిక వ్యాధినీ లెక్కలోకి తీసుకుంది. అయినా వైకల్య సర్టిఫికెట్ కోసం మేం ఎందుకు వెళ్లలేదంటే, ఇంట్లో ఇంకా పెళ్లి కావలసిన పిల్లలున్నారు. అంతే కారణం.

అమ్మమ్మ పోయాక పిన్ని మావయ్య దగ్గరే ఉంటోంది. ఈ మధ్య కూరగాయల డబ్బులు తన చేతికివ్వమని పట్టుబట్టి తీసుకుంది. పోయిన ఆదివారం రైతుబజార్ నుంచి వస్తూనే సంచి నేలకేసి కొట్టింది. టమాటాలవాడు తూకంలో మోసం చేశాడని వీధంతా వినబడేలా కేకలు. మావయ్య పేపరు దించాడు. అలవాటైన ప్రశ్న నోటిదాకా వచ్చినట్టే ఉంది.

"ఎంత తగ్గించాడే?" అన్నాడు.

రెండొందల గ్రాములట.