ఎర్ర ఉడుతకు ఊరంతా కాపలా

ఉడుత అనగానే మనకు వీపు మీది మూడు చారలు గుర్తుకొస్తాయి. వారధి కట్టే వేళ ఇసుక మోసిన చిన్న ప్రాణి అని పిల్లలకు కథ చెబుతాం. ఎవరికి చేతనైన సాయం వారు చేస్తే దాన్ని ఉడుతాభక్తి అంటాం. బ్రిటన్ దేశంలో ఇప్పుడు మనుషులే ఒక ఉడుతకు ఉడుతాభక్తి చూపుతున్నారు. అది ఆ దేశపు సొంత జాతి, ఎర్ర ఉడుత. ఆ సాయం ఎప్పుడు ఫలించిందో, ఎప్పుడు వృథా అయిందో తెలుసుకుంటే మన పొలం పనికీ ఉపయోగముంటుంది.

ముందు ఎర్ర ఉడుతకు వచ్చిన ఆపద ఏమిటో చూద్దాం. 1876లో చెషైర్ ప్రాంతంలో, హెన్‌బరీ అనే చోట, ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన బూడిదరంగు ఉడుతలను తోటకు అందమని వదిలారు. తరువాత మరికొందరు భూస్వాములు కూడా అదే పని చేశారు. అవి దేశమంతా అల్లుకుపోయాయి. 2018లో వెలువడిన అంచనా ప్రకారం బ్రిటన్‌లో బూడిద ఉడుతలు సుమారు 27 లక్షలు, ఎర్ర ఉడుతలు సుమారు 2 లక్షల 87 వేలు. మిగిలిన ఎర్ర ఉడుతల్లో చాలా భాగం స్కాట్లండులోనే ఉన్నాయి.

బూడిద ఉడుత ఎర్రదాన్ని కరిచి చంపుతుందా అంటే, అదేమీ లేదు. దెబ్బ రెండు వైపుల నుంచి వస్తుంది. మొదటిది తిండి. ఎర్ర ఉడుత తూకం 300 గ్రాముల చిల్లర. బూడిదది దాదాపు అంతకు రెట్టింపు. వగరుగా ఉండే ఓక్ కాయలను బూడిద ఉడుత బాగా అరిగించుకుంటుంది. ఎర్రదానికి అవి అంతగా అరగవు. ఆకులు రాలే చెట్ల అడవిలో పెద్దది కడుపు నింపుకుంటుంది, చిన్నది పస్తులుంటుంది.

రెండోది జబ్బు. ఉడుతలకు వచ్చే ఒక మశూచి ఉంది. దాని విషక్రిమి బూడిద ఉడుతల్లో ఉన్నా వాటికి ఏమీ కాదు. అదే ఎర్రదానికి అంటుకుంటే కళ్ళ చుట్టూ, మూతి మీద, కాళ్ళ మీద పుండ్లు లేస్తాయి. సాధారణంగా రెండు వారాల్లో చచ్చిపోతుంది. ఇంగ్లండు పడమటి తీరాన ఫార్మ్‌బీ అనే ఊరి అడవిలో 2007-08లో ఈ జబ్బు సోకి పదింట ఎనిమిదికి పైగా ఎర్ర ఉడుతలు పోయాయి. మిగిలిన కొద్దిపాటి నుంచే అక్కడి సంతతి మెల్లగా మళ్ళీ పుంజుకుంది.

మరి ప్రభుత్వం ఊరకే చూసిందా? లేదు. బూడిద ఉడుతలను దిగుమతి చేసుకోవడం, పెంచడం 1937లోనే నిషేధించింది. 1953లో, చంపి తోక తెచ్చిన వారికి తోకకు ఒక షిల్లింగు చొప్పున బహుమానం ప్రకటించింది. జనం పది లక్షలకు మించి తోకలు తెచ్చి ఇచ్చారు. ఖజానా ఖర్చయింది గాని బూడిద ఉడుత తగ్గలేదు. 1958లో ఆ పథకం ఆపేశారు. ఎందుకు చెడిందంటారా? సులువుగా దొరికిన చోటే కాల్చారు. ఎర్ర ఉడుతకు అవసరమైన చోట కాల్చాలన్న లెక్క లేదు. ఖాళీ అయిన అడవిలోకి పక్క అడవి నుంచి కొత్తవి వచ్చి చేరాయి.

దీని పక్కన యాంగిల్సీ సంగతి పెట్టి చూడండి. ఇది వేల్సు దేశపు ద్వీపం, సుమారు 700 చదరపు కిలోమీటర్లు. 1990ల చివరకు అక్కడ ఎర్ర ఉడుతలు 40 దాకా మాత్రమే మిగిలాయి. 1998లో బూడిద ఉడుతలను పట్టే పని మొదలైంది. రైతులు, తోటల యజమానులు తమ నేలల్లో బోన్లు పెట్టనిచ్చారు. ఒక మూల తీసేసి ఆగిపోలేదు. ద్వీపం పొడవునా, ఏటా, వదలకుండా చేశారు. 2004 నుంచి న్యూబరో అడవిలో పెంచిన ఎర్ర ఉడుతలను వదిలారు. 2013 నాటికి ద్వీపంలో బూడిద ఉడుత లేకుండా పోయింది. ఎర్రవి ఏడు వందలకు పైగా పెరిగాయి. అంటే పదిహేనేళ్ళ ఓపిక. ద్వీపానికీ ప్రధాన భూమికీ మధ్య వంతెనలున్నాయి కనుక కాపలా అంతటితో తీరిపోలేదు.

ఈ కాపలాలో మామూలు జనం, అంటే స్వచ్ఛంద సేవకులు, చేసే పనులు ఇవి.

ఒకటి, చూసిన ఉడుత ఏ రంగుదో, ఎక్కడ, ఏ తేదీన కనిపించిందో రాసి పంపడం.

రెండు, మూత ఎత్తి గింజలు తీసుకునే చెక్కపెట్టెలు చెట్లకు కట్టడం. మూత కింద జిగురు పట్టీ అంటిస్తారు. దానికి అంటిన వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే వచ్చింది ఎర్రదో బూడిదదో తేలుతుంది.

మూడు, ఆ పెట్టెలను తరచు క్రిమిసంహారక మందుతో కడగడం. జబ్బు ఉడుత కనిపిస్తే వెంటనే పెట్టె తీసేసి కబురు చేయడం. లేకపోతే మనం పెట్టిన తిండి దగ్గరే జబ్బు అంటుకుంటుంది.

నాలుగు, శిక్షణ పొందినవారు బోన్లు పెట్టడం. రోజుకు ఒకసారైనా తప్పక చూడాలి. ఎర్ర ఉడుతకు 1981 నాటి చట్టం రక్షణ ఇచ్చింది కనుక అది పడితే అక్కడే వదిలేయాలి. బూడిదది పడితే మళ్ళీ వదలడానికి చట్టం ఒప్పదు. బాధ లేకుండా చంపాలి.

ఒక ప్రాణిని కాపాడడానికి మరొక ప్రాణిని చంపడమేమిటని అడిగేవారు అక్కడా ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. బూడిద ఉడుత తనంతట తాను సముద్రం దాటి రాలేదు, మనిషే తెచ్చాడు. అందుకే చంపే పనిని వేడుకగా చేయకూడదు. సగం చేసి వదిలేస్తే మరీ తప్పు. అవి మళ్ళీ పెరుగుతాయి, మళ్ళీ చంపాల్సి వస్తుంది, ఎర్రదీ దక్కదు.

ఈ మాట మన ఎలుకల బాధ తెలిసినవారికి కొత్త కాదు. ఒక్క రైతు తన మడిలో ఎర పెట్టి ఊరుకుంటే పక్క గట్టు ఎలుకలు నాలుగు రోజుల్లో వచ్చి చేరతాయి. ఊరంతా ఒకే వారంలో, గట్లతో, కాలవ ఒడ్లతో, బంజరుతో సహా చేస్తేనే పైరు నిలుస్తుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊళ్ళో సామూహిక పని తలపెట్టినప్పుడు ఇన్ని తోకలు, ఇన్ని ఎలుకలు అని చచ్చినవాటిని లెక్కపెట్టి సంతోషించవద్దు. మిగిలిన కన్నాలెన్ని, పని జరగని పొలం ఎవరిది, వచ్చే నెల చూసే బాధ్యత ఎవరిది అన్నవి పుస్తకంలో రాయించండి. షిల్లింగు ఇచ్చినా దక్కని ఎర్ర ఉడుత, ఇరుగుపొరుగు పదిహేనేళ్ళు కలిసి కాపలా కాస్తే దక్కింది.