రికార్టన్ అడవి

రికార్టన్ అడవి న్యూజిలాండ్ దేశపు దక్షిణ ద్వీపమున, క్రైస్ట్‌చర్చ్ నగరములో మిగిలియున్న సహజారణ్యము. విస్తీర్ణము సుమారు 7.8 హెక్టార్లు, అనగా మన లెక్కలో 19 ఎకరములు. లోపలి బాటను అరగంటలో చుట్టి రావచ్చును. అయినను ఆ నగర ప్రాంతపు చిత్తడి నేలలలో ఒకప్పుడు పెరిగిన కహికటియా అడవులలో నేడు చూడగలిగినది ఈ తునక మాత్రమే. మవోరీ ప్రజలు దీనిని పుటరింగమోటు అందురు. ఈ పేరునకు "ప్రతిధ్వని వినిపించు చోటు" అనియు, "తెగిన చెవి" అనియు రెండర్థములు చెప్పుదురు. చుట్టుపట్ల అడవి కాలిపోగా విడిగా మిగిలిన భాగమని రెండవదాని భావము.

అడవిలో నడక

కంచె ద్వారము దాటగానే వెలుతురు తగ్గి, నేల చెమ్మగా తగులును. బాటకు ఇరుప్రక్కల నిటారుగా నిలిచినవి కహికటియాలు. న్యూజిలాండ్ స్వదేశీ వృక్షములలో ఇదియే మిక్కిలి పొడవైనది. అనువైన చోట 60 మీటర్ల వరకు పెరుగును. ఇక్కడివి అంత ఎత్తు లేవు గాని, కొన్నిటి వయస్సు 600 సంవత్సరముల వరకు ఉండును. బురదలో ఒరిగిపోకుండ వీటి మొదళ్ళు వెడల్పుగా విస్తరించి నేలను పట్టుకొని యుండును. మన తాటిచెట్టు వలెనే ఇందును ఆడ, మగ చెట్లు వేరువేరు. ఆడచెట్టున కండగల ఎర్రని చిన్న కాడపై నల్లని గింజ ఏర్పడును. పక్షులు ఆ కండకై తిని గింజలను దూరముగా వెదజల్లును.

కహికటియా పొడోకార్పేసీ కుటుంబమునకు చెందిన కోనిఫర్. ఇదే కుటుంబపు నాగేయా వాలిచియానా అను చెట్టు మన పశ్చిమ కనుమలలో కలదు. దక్షిణ భారతమున సహజముగా పెరుగు కోనిఫర్ అదొక్కటే అన్నది విద్యార్థులు గుర్తుంచుకొనదగిన విషయము.

నడచువారి వెంట తరచుగా విసనకర్ర వంటి తోకగల ఫాన్‌టెయిల్ పిట్ట వచ్చును. అది స్నేహము కాదు. మన అడుగుల అలికిడికి లేచిన పురుగులే దానికి కావలసినవి.

చరిత్ర

స్కాట్లండు నుండి వచ్చిన విలియం డీన్స్, జాన్ డీన్స్ సోదరులు 1843లో ఇక్కడ స్థిరపడిరి. 1854లో మరణించిన జాన్ ఈ అడవిని కాపాడవలెనని కోరెను. ఆ కుటుంబము 1914లో దీనిని కాంటర్బరీ ప్రజలకు దానమిచ్చెను. మిగిలిన చోట్ల నేలను సాగుకై ఎండగట్టి చెట్లను నరికిరి. కహికటియా కలపకు వాసన లేదు. కనుక బ్రిటనుకు వెన్న పంపు పెట్టెలకు దానిని విరివిగా వాడిరి. ఒక మహావృక్షమునకు వాసన లేకపోవుటయే శాపమైనది.

రక్షణ

ఎలుకలు, పోసములు, పిల్లులు చొరబడకుండ 2000లో చుట్టును ప్రత్యేకమైన కంచె కట్టిరి. కుక్కలను అనుమతింపరు.

కంచెకు అందని చిక్కు మరియొకటి కలదు. ఈ స్థలమున సుమారు 3000 సంవత్సరములుగా కహికటియా అడవి ఉన్నది. నదీ వరదలు తెచ్చిన ఒండ్రుపై, వెలుతురు పడుచోట దాని మొలకలు బాగుగా పెరుగును. నగరమును కాపాడుటకు వరదలను అరికట్టిరి. చిత్తడి నేలను ఎండగట్టిరి. అందుచేత ముసలి చెట్లు కూలినచోట కహికటియాయే తిరిగి లేచునా, లేక నీడకు ఓర్చుకొను హీనౌ వంటి వెడల్పాకుల చెట్లు ఆ చోటును ఆక్రమించునా అన్నది ఈ 19 ఎకరముల ముందున్న ప్రశ్న.