మెలకువలోనే మత్తు

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో లారీ పోతోంది. డ్రైవర్‌కు నాలుగు సెకన్లు కన్నంటుకుంది. ఆ కాస్తలో బండి దాదాపు 90 మీటర్లు ముందుకు పోతుంది. చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి, మెదడు మాత్రం దారిని చూడదు. ఇలాంటి చిటికెడు కునుకు పట్టిందని చాలాసార్లు పట్టినవాడికే తెలియదు. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య ఈ ముప్పు మరీ ఎక్కువ. శరీరంలోని జీవగడియారం ఆ వేళకు నిద్రనే కోరుతుంది.

మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగుపడుతుంది. నిద్రపోతేనే అది తగ్గుతుంది. ధాబా దగ్గర తాగే టీలోని కెఫీన్ దాన్ని తగ్గించదు, దాని సంకేతం మెదడుకు అందకుండా కాసేపు అడ్డుపడుతుందంతే. ఆ ప్రభావం తగ్గగానే మగత మళ్లీ కమ్ముకొస్తుంది.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ఈ మగతను మద్యంతో పోల్చి కొలిచారు. 17 గంటలు మేలుకున్నవారి కన్నూ చెయ్యీ, 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి మందగించాయి. 24 గంటలకు అది సుమారు 100 మి.గ్రా.తో సమానమైంది. మన దేశంలో 30 మి.గ్రా. దాటితే చాలు, డ్రైవర్ మీద కేసు. కానీ పోలీసులు ఊదించే యంత్రం వరసగా రెండు డ్యూటీలు చేసినవాణ్ని పట్టుకోలేదు.

"నాకిది అలవాటే" అంటారు చాలామంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ మాటే. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరిని రెండు వారాలపాటు రోజుకు ఆరు గంటలో, అంతకన్నా తక్కువో మాత్రమే పడుకోనిచ్చారు. వాళ్ల ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రేపోనివారంతగా దెబ్బతింది. అయినా తమకు మరీ మగతగా ఉందని వాళ్లకు అనిపించలేదు. మనిషి తన అలసటకు తానే సరైన సాక్షి కాడు. డాక్టర్లైనా అంతే: బోస్టన్‌లో ఐసీయూ జూనియర్ డాక్టర్లు 24 గంటలు దాటిన డ్యూటీల్లో, తక్కువ గంటల డ్యూటీల్లో కన్నా 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేసినట్టు 2004లో తేలింది.

ప్రమాదం జరగకపోయినా గుండె మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది. మంచి నిద్రలో రక్తపోటు పది, ఇరవై శాతం తగ్గుతుంది. నిద్ర కరువైతే ఆ ఊరట దొరకదు, పైగా ఒత్తిడి హార్మోన్లు ఎగసే ఉంటాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. ఇంత సుదీర్ఘమైన పనివేళల వల్ల పక్షవాతంతో, గుండెజబ్బుతో 2016 ఒక్క ఏడాదిలోనే 7,45,000 మంది చనిపోయారని వాటి అంచనా.

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీ పనిని రోజుకు తొమ్మిది నుంచి పది గంటలకు పెంచాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. కానీ పది గంటలకు విరామం, రానూపోనూ ప్రయాణం, ఇంటిపని కలిపితే చివరికి కోత పడేది నిద్రకే.

మన దేశంలో లారీ డ్రైవర్లకు రోజుకు 8 గంటల పని అని 1961 నాటి చట్టంలోనే రాశారు. ఐరోపాలో లారీకి బిగించిన పరికరం నడిపిన ప్రతి నిమిషాన్నీ నమోదు చేస్తుంది, నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. ఇక్కడ ట్రిప్పు లెక్కన డబ్బు తీసుకునే డ్రైవర్ బండి ఆపితే నష్టం అతనిదే. రాత్రి లోడుకు రెండో డ్రైవర్‌ను పెట్టే ఖర్చు, ఆగిన గంటలకు ఇచ్చే కూలి సరుకు పంపేవారు ఇచ్చే కిరాయిలో ముందే చేరాలి.